ఏడేళ్ళ గ్యాస్ మాత్ర: ముందు ఆ 'డి' సంగతి చూడండి

ప్రశ్న: అన్నా, మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. నాకు 53 ఏళ్ళు. మేం శాకాహారులం. షుగరుకు తొమ్మిదేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. ఏడేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పులకు మాత్రలు రాస్తూ, కడుపులో మంట రాకుండా పాన్-డి రాశారు. అది అలాగే ఉండిపోయింది. పొద్దున టిఫిను తిన్నాక అన్ని మాత్రలతో కలిపి వేసుకుంటా. నొప్పి మాత్ర ఇప్పటికీ వారానికి రెండు మూడు సార్లు పడుతుంది. నాలుగేళ్ళ కిందట ఎండోస్కోపీ చేసి 'ఎల్.ఏ. గ్రేడ్ ఏ' అని రాశారు, పెద్దగా ఏమీ లేదన్నారు. బెంగళూరులో ఉండే మా అబ్బాయి ఈ మాత్రతో కిడ్నీలు పోతాయని ఏదో వీడియో చూసి వెంటనే మానేయమన్నాడు. మానేశా. మూడో రోజుకే గొంతు దాకా మంట, పుల్లటి తేన్పులు, రాత్రంతా నిద్ర లేదు. మళ్ళీ మొదలుపెట్టా. మందుల షాపులో రానిటిడిన్‌కు మారమంటున్నారు. మొన్న చూపించుకున్న డాక్టరు వోనోప్రజాన్ అని కొత్త మాత్ర వచ్చింది, కావాలంటే రాస్తానన్నారు. ఏది మంచిది? మా ఆయన అంగడి కట్టేసి వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది, ఆ తర్వాత తిని పడుకుంటాం. ఈమధ్య అరికాళ్ళు తిమ్మిర్లు పడుతున్నాయి, షుగరు వల్లే అంటున్నారు. జీలకర్ర నీళ్ళు, కలబంద రసంతో సరిపెట్టుకోవచ్చా?

సమాధానం: అమ్మా, ఇప్పుడప్పుడే రానిటిడిన్‌కూ మారొద్దు, వోనోప్రజాన్‌కూ మారొద్దు. అబ్బాయి చెప్పినట్టు ఒక్కసారిగా మానడమూ వద్దు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మీ ఉత్తరంలో ఉన్న ఇంతమందిలో ఒక్కరు కూడా దాని జోలికి పోలేదు. పాన్ పక్కన ఉన్న ఆ 'డి' గురించి చెబుతున్నా.

నేను డాక్టర్ని కాను. కర్నూలులో మందుల షాపు కౌంటరు వెనక జీవితం గడిపిన ఫార్మసిస్టుని. మోతాదు మార్చేది, మందు ఆపేది మీ డాక్టరే. ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి, ఏం అడగాలి అన్నంత వరకు నాకు తెలిసింది చెబుతా.

స్ట్రిప్ వెనక ఉన్న చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు, దాని కింద డోంపెరిడోన్ 30 మిల్లీగ్రాములు అని ఉంటుంది. యాసిడ్ తగ్గించేది మొదటిది. ఆ రెండోదే 'డి'. అది వాంతి, వికారం ఆపడానికి, కడుపులోది కిందికి తొందరగా కదలడానికి ఇచ్చే మందు. యాసిడ్ మీద దాని ప్రభావమేమీ లేదు. మన దగ్గర 'గ్యాస్ మాత్ర' అంటే చాలామందికి ఈ జంట మందే. అడిగేవాళ్ళు అలా అడుగుతారు, ఇచ్చేవాళ్ళు అలా ఇస్తారు, డాక్టరు చీటీ మీద కూడా చెయ్యి అలవాటుగా 'డి' రాసేస్తుంది.

ఈ డోంపెరిడోన్ కొందరిలో గుండె లయను తప్పిస్తుంది. అందుకే యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లో దీన్ని కట్టడి చేసింది: వాంతులు, వికారానికి మాత్రమే వాడాలి, పెద్దవాళ్ళకు రోజుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు, మామూలుగా వారం రోజులకు మించి ఇవ్వకూడదు. 60 దాటినవాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. అమెరికాలో ఈ మందుకు అసలు అనుమతే లేదు. వారం రోజులనుకున్న మందు మీ దగ్గర ఏడేళ్ళు ఉంది. ఏడేళ్ళుగా ఏమీ కాలేదు కదా అంటారేమో. కాలేదు, సంతోషం. కానీ దగ్గుకు క్లారిత్రోమైసిన్ రాసినప్పుడో, దురదకు ఫ్లూకోనజోల్ ఇచ్చినప్పుడో ఆ మందూ ఈ డోంపెరిడోనూ కలిసి గుండెకు ఇబ్బంది తెచ్చే అవకాశం ఉంది. 'మీరు రోజూ ఏమేం వాడుతున్నారు' అని అడిగితే 'ఒట్టి గ్యాస్ మాత్రే' అనేస్తాం. అక్కడే వస్తుంది చిక్కు.

ఒక్క మినహాయింపు ఉంది. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళలో కొందరికి కడుపు కదలిక మందగిస్తుంది. కొద్దిగా తిన్నా నిండిపోయినట్టుండడం, గంటల తరబడి అన్నం కదలనట్టుండడం, ఎప్పుడో తిన్నది వాంతిలో రావడం దాని లక్షణాలు. మీ డాక్టరు అది గమనించి కావాలనే 'డి' ఇచ్చి ఉంటే సంగతి వేరు. మీ ఉత్తరంలో నాకు ఆ ఆనవాళ్ళు కనబడలేదు. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: 'నాకు ఒట్టి పాంటోప్రజోల్ సరిపోతుందా?' ఒట్టి పాంటోప్రజోల్ జన ఔషధి దుకాణాల్లో కూడా దొరుకుతుంది, ఖరీదూ తక్కువే. 'డి' తీసేశాక మొదటి కొద్ది రోజులు కడుపు ఉబ్బరంగా అనిపించవచ్చు, కంగారుపడకండి.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. డోంపెరిడోన్ బదులు లీవోసల్పిరైడ్ కలిపిన మాత్రలూ ఉన్నాయి. 'డి మానేశాం కదా' అని వాటికి మారకండి. అవి నెలల తరబడి వాడితే కొందరిలో చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుపోతుంది. పెద్దవాళ్ళకైతే అది పార్కిన్సన్ జబ్బనుకుని దానికి వేరే మందులు మొదలుపెట్టిన సందర్భాలు కూడా ఉంటాయి.

ఇక రెండోది, మీరు మాత్ర వేసుకునే వేళ. టిఫిను తిన్నాక వేసుకుంటున్నానన్నారు. సగం సమస్య అక్కడే ఉందని నా అనుమానం. కడుపు గోడలో యాసిడ్‌ను తోడే కణాలుంటాయి. వాటిలోని పంపులను మూసేయడం పాంటోప్రజోల్ పని. కరెంటు ఉన్నప్పుడే మన బోరు మోటారు ఆడినట్టు, తిండి పడబోతున్నప్పుడే ఈ పంపులు ఎక్కువగా ఆడతాయి. ఆడుతున్న పంపునే ఈ మందు పట్టుకోగలదు, ఊరికే ఉన్నదాన్ని పట్టుకోలేదు. మందు రక్తంలో ఉండేదేమో కొద్ది గంటలే. అందుకని తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, అంటే మీరు ఉగ్గానిలోకి బొరుగులు నానబెట్టే వేళకు. తిన్నాక వేసుకుంటే పంపులు తమ పని చేసుకుపోతాయి, మందు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. మీ మంట ఎక్కువగా రాత్రిపూటే అయితే పొద్దున బదులు రాత్రి భోజనానికి ముందు వేసుకోవచ్చా అని కూడా అడగండి. ఈ చిన్న మార్పుతోనే 'ఈ కంపెనీది పనిచేయట్లేదు, వేరేది ఇవ్వు' అనడం మానేసినవాళ్ళను చాలామందిని చూశాను. పూర్తి ప్రభావం కనబడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఒక మాత్ర వేసుకుని గంటలో మంట తగ్గలేదని ఇంకోటి వేసుకోకండి. మాత్రను నూరడం, విరవడం కూడా కూడదు. పైనున్న పూత పోతే కడుపులోని యాసిడే మందును చంపేస్తుంది.

ఇప్పుడు ఆ ఎండోస్కోపీ రిపోర్టు. 'గ్రేడ్ ఏ' అనేది లాస్ ఏంజెలిస్ వర్గీకరణలోది. అన్నవాహిక లోపలి పొర మీద 5 మిల్లీమీటర్లకు మించని చిన్న గీత లాంటి పుండు ఉందని దాని అర్థం. ఏ, బీ, సీ, డీ అని నాలుగు మెట్లలో అది అన్నిటికంటే చిన్నది. యాసిడ్ జబ్బు ఖాయంగా ఉందని చెప్పడానికి గ్రేడ్ ఏ ఒక్కటీ చాలదని జీర్ణకోశ నిపుణుల ఏకాభిప్రాయం. ఏ ఇబ్బందీ లేనివాళ్ళలోనూ అప్పుడప్పుడు అది కనబడుతుంది. మీకు ఇది మంచి వార్త. గ్రేడ్ సీ లేదా డీ ఉన్నవాళ్ళు, బ్యారెట్స్ (అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) అని రాసినవాళ్ళు, అన్నవాహిక ముడుచుకుపోయినవాళ్ళు, ఒకసారి కడుపులో రక్తస్రావం అయినవాళ్ళు ఈ మాత్ర మానే ఆలోచనే చేయకూడదు. ఆ జాబితాలో మీరు లేరు. ప్రయత్నించి చూడటానికి మీకు దారి ఉంది.

దారి ఉంది గానీ దానికి అడ్డంగా నొప్పి మాత్ర నిలబడి ఉంది. ఆ మాత్ర పేరు మీరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటిదే అయివుంటుంది. ఈ జాతి మందులు కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాన్ని తగ్గించేస్తాయి, అందుకే పుండ్లు పడతాయి. అసలు మీకు పాంటోప్రజోల్ వచ్చిందే ఆ మాత్రకు తోడుగా. దాన్ని ఉంచుకుని తోడును తీసేస్తే కడుపు నష్టపోతుంది. ముందు నొప్పి మాత్ర పోవాలి. మోకాళ్ళకు పైన రాసే జెల్, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, అవసరమైన రోజు పారాసిటమాల్, వీటితో గడుస్తుందేమో ఎముకల డాక్టర్ని అడగండి. గడవకపోతే పాంటోప్రజోల్ ఉండాల్సిందే, దాని గురించి మనసు పాడుచేసుకోవద్దు.

మీ అబ్బాయి భయపడే కిడ్నీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాంటోప్రజోల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళలో కిడ్నీ జబ్బు కాస్త ఎక్కువగా కనబడిందని 2016లో వచ్చిన ఒక పరిశీలన నుంచి ఈ గోల మొదలైంది. కానీ ఇలాంటి మాత్రలు వాడేవాళ్ళు ముందునుంచే జబ్బులు ఎక్కువ ఉన్నవాళ్ళు, నొప్పి మాత్రలు ఎక్కువ మింగేవాళ్ళు. తప్పు ఎవరిదో తేల్చడం కష్టం. అది తేల్చడానికి పనికొచ్చేది చీటీలు వేసినట్టు జనాన్ని రెండు జట్లుగా విడదీసే పరీక్షే. 2019లో అలాంటిది వచ్చింది. గుండె, రక్తనాళాల జబ్బు ఉన్న 17,598 మందిలో సగం మందికి పాంటోప్రజోల్ 40, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర సుమారు మూడేళ్ళు ఇచ్చారు. కిడ్నీ జబ్బు, ఎముకలు విరగడం, మతిమరుపు, వీటిలో దేనిలోనూ తేడా కనబడలేదు. పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రం కాస్త పెరిగాయి: ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 1 శాతం, మందు వాడినవాళ్ళలో 1.4 శాతం. మూడేళ్ళ పరీక్ష ఏడేళ్ళ వాడకానికి పూర్తి హామీ కాదు. అరుదుగా కొందరికి ఈ మందు పడక కిడ్నీ వాచిపోవడం కూడా నిజమే. కానీ వీడియోలో చెప్పినంత భయం అక్కర్లేదు. మీ కిడ్నీలకు పెద్ద బెడద రెండే: అదుపు తప్పిన షుగరు, నొప్పి మాత్ర. రోహిణి కార్తె ఎండల్లో ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు వేసుకున్న నొప్పి మాత్ర మరీ చెడ్డది. అబ్బాయికి ఈ మాట చెప్పండి, వాడి టెన్షన్ సరైన చోటుకు మళ్ళుతుంది. ఏడాదికోసారి సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు షుగరు ఉన్నందుకు ఎలాగూ చేయించుకోవాలి. చేయించుకుంటున్నారా?

కిడ్నీల కంటే నాకు ఎక్కువ పట్టిన మాట మీరు చివర్లో అనుకోకుండా రాసిన అరికాళ్ళ తిమ్మిర్లు. షుగరు వల్ల కావచ్చు, కాదనను. కానీ బి12 విటమిన్ తగ్గినా అచ్చం అలాగే ఉంటుంది. మీకు అది తగ్గడానికి ఒకటి కాదు, మూడు కారణాలున్నాయి. మాంసం, గుడ్లు తినరు కాబట్టి పాలు, పెరుగులోంచి వచ్చేదే మీకు దిక్కు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే పేగులు బి12ను సరిగా పీల్చుకోవు. ఆహారంలోంచి బి12 విడిపోవడానికి యాసిడ్ కావాలి, దాన్నేమో మనం మాత్రతో ఆపేశాం. షుగరు తిమ్మిరిని మందులతో పూర్తిగా పోగొట్టడం కష్టం. బి12 తిమ్మిరిని తొందరగా పట్టుకుంటే తగ్గించవచ్చు, ఆలస్యమైతే నరం దెబ్బ అలాగే ఉండిపోతుంది. అందుకే డాక్టరు దగ్గరికి పోయే ముందే ఒక రక్తపరీక్షలో సీరం బి12 చూపించుకోండి. షాపులో దొరికే బి కాంప్లెక్స్ ముందే మింగి పరీక్షకు పోకండి, లెక్క తప్పుతుంది. అదే రక్తంలో మెగ్నీషియం కూడా చూడమని అడగండి. పాంటోప్రజోల్ లాంటి మాత్రలు ఏడాదికి మించి వాడినవాళ్ళలో కొందరికి అది పడిపోతుందని అమెరికా మందుల సంస్థ 2011లో హెచ్చరించింది. మెగ్నీషియం తగ్గితే పిక్కలు పట్టేస్తాయి. అంతకుమించి, డోంపెరిడోన్‌తో వచ్చే గుండె లయ చిక్కు ఇంకా పెరుగుతుంది. 'డి' గురించి నేను ఇంత పట్టుబట్టడానికి అది కూడా ఒక కారణం.

మందు మానిన మూడో రోజు వచ్చిన మంట చూసి మీకు జబ్బు ముదిరిందని భయపడి ఉంటారు. అది చాలావరకు మందు మానినందుకు వచ్చిన మంట. యాసిడ్ తగ్గినప్పుడు శరీరం ఊరుకోదు. గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ పెంచి, యాసిడ్ చేయించే కణాలను తయారుగా ఉంచుకుంటుంది. మాత్ర ఆగిన కొద్ది రోజులకు అవన్నీ ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. 2009లో డెన్మార్క్‌లో ఏ ఎసిడిటీ లేని ఆరోగ్యవంతులు 120 మందితో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి 8 వారాలు పాంటోప్రజోల్ జాతిదే అయిన ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపేశారు, మిగతావాళ్ళకు మొదటినుంచీ ఉత్తుత్తి మాత్రే. ఆపిన తర్వాతి నాలుగు వారాల్లో మందు వాడినవాళ్ళలో 44 శాతం మందికి మంట, తేన్పులు, అజీర్తి వచ్చాయి. మిగతా జట్టులో 15 శాతం మందికే. జబ్బే లేనివాళ్ళకు రెండు నెలల వాడకంతో ఇంత వస్తే, మీకు ఏడేళ్ళ తర్వాత మూడు రోజుల్లో రావడంలో వింతేముంది? ఈ మంట కొందరికి రెండు వారాలుంటుంది, కొందరికి రెండు నెలలు. అది దాటేదాకా 'మాత్ర లేకుండా నేను బతకలేను' అని తేల్చుకోకూడదు.

అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2022లో ఈ మాత్రలు తగ్గించే పద్ధతి మీద మాట్లాడుతూ రెండు మాటలు చెప్పింది. అవసరం లేకపోతే మానాలి తప్ప, దుష్ఫలితాల భయంతో మానకూడదు. మానేటప్పుడు నెమ్మదిగా తగ్గించినా, ఒక్కసారి ఆపినా ఫరవాలేదు. రెండో మాటలో నేను నెమ్మది వైపే. మంట పుడితే మన ఊళ్ళల్లో మనిషి నేరుగా పక్క షాపుకు పోయి ఇంకా పెద్ద మాత్ర తెచ్చుకుంటాడు, ఆ చిన్న యుద్ధం తట్టుకోలేడు. మీ డాక్టరు ఒప్పుకుంటే వరుస ఇలా ఉండొచ్చు: ముందు 'డి' లేని 40, తినడానికి ముందు, ఒక నెల. నొప్పి మాత్ర మానేశాక 20కి దిగడం. అక్కడ కొన్ని వారాలు నిలదొక్కుకున్నాక రోజు మార్చి రోజు. ఆ తర్వాత మంట వచ్చినప్పుడు మాత్రమే. మధ్యలో మంట పుడితే అల్జినేట్ సిరప్, లేదా మామూలు యాంటాసిడ్ సిరప్ రెండు చెంచాలు. ఏ మెట్టు మీద ఆగిపోయినా తప్పేం లేదు. 20 మీద ప్రశాంతంగా ఉంటే అదే మీ గమ్యం అనుకోండి. ఒక్క కోరిక, ఈ పని దసరాలో మొదలుపెట్టకండి. ప్రొద్దుటూరు దసరా అంటే పది రోజుల చుట్టాలు, ఓళిగలు, అర్ధరాత్రి దాకా అమ్మవారి ఊరేగింపులు. ఏ కడుపూ ఆ రోజుల్లో పరీక్షకు తట్టుకోదు.

మీరు అడిగిన రెండు మాత్రల సంగతి ఇప్పుడు చెప్పడం సులువు. రానిటిడిన్ ఒకప్పుడు మంచి మందే. 2019లో దానిలో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినం బయటపడింది. వేడికి, నిలవ ఉండేకొద్దీ అది పెరుగుతుందని తేలి 2020 ఏప్రిల్‌లో అమెరికాలో మొత్తం వెనక్కి తీసుకోమన్నారు. మన దేశంలో 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి తీసేశారు. అమ్మకం మాత్రం ఆగలేదు. మే నెలలో ప్రొద్దుటూరు షాపులో అలమరా ఎంత వేడెక్కుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ జాతి మందే కావాలంటే ఫామోటిడిన్ ఉంది, దానికి ఈ బెడద లేదు. రోజూ వాడితే రెండు వారాల్లో శరీరం దానికి అలవాటుపడి పట్టు తగ్గిపోతుంది. కాబట్టి పాంటోప్రజోల్ తగ్గించే రోజుల్లో, మరీ మంటగా ఉన్న రాత్రికి ఒకటి, అన్నంతవరకే దాని ఉపయోగం. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకు మోతాదు తగ్గించాలి, అందుకే క్రియాటినిన్ చూశాకే.

వోనోప్రజాన్ 2014లో జపాన్‌లో అనుమతి పొందిన మందు, ఇటీవల మన దేశానికీ వచ్చింది. బలమైనది, తొందరగా పనిచేస్తుంది, తిండికి ముందా తర్వాతా అన్న పట్టింపు లేదు. గ్రేడ్ సీ, డీ పుండ్లకు, పాంటోప్రజోల్ సరైన వేళకు సరిగా వాడినా లొంగని జబ్బుకు అది మంచి ఆయుధం. మీ మంట పాంటోప్రజోల్‌కు లొంగలేదని ఎలా అనగలం? సరైన వేళకు ఒక్క నెల కూడా వాడలేదు కదా. పైగా గ్యాస్ట్రిన్‌ను ఇది పాత మాత్రలకంటే ఎక్కువ పెంచుతుంది, ఏళ్ళ తరబడి వాడిన అనుభవం పాతవాటికున్నంత లేదు, ధర ఎక్కువ. తగ్గించుకోవాలని చూసే మనిషి ఇంకా బలమైన మందుకు ఎక్కడం నాకు నచ్చని దారి. ఒట్టి పాంటోప్రజోల్‌తో నెల గడిచాక కూడా వారంలో రెండు మూడు రాత్రులు మంట లేపితే, అప్పుడు ఆ డాక్టరు మాట వినండి. రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్‌కు మారితే కొందరికి కాస్త తేడా ఉంటుంది, అంతే. ఇంట్లో ఎవరైనా స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడుతుంటే వాళ్ళు మాత్రం ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ జోలికి పోకూడదు. అవి దాని పనిని తగ్గిస్తాయి. ఒకరి స్ట్రిప్ ఇంకొకరు చింపుకునే ఇళ్ళల్లో ఇది ఎవరికీ తట్టదు.

రాత్రి భోజనం గురించి ఒక్కమాట, కోపం తెచ్చుకోకండి. ఆయన వచ్చాక, పది దాటాక, కలిసి తిని పడుకుంటారు. మాత్ర ఏదైనా ఈ అలవాటు ముందు ఓడిపోతుంది. నిండిన కడుపుతో పడుకుంటే యాసిడ్ పైకి రావడానికి అడ్డేముంటుంది? తినడానికి, పడుకోవడానికి మధ్య కనీసం మూడు గంటలుండాలి. మీరు ఏడున్నరకే తినేయండి. ఆయన వచ్చాక పక్కన కూర్చుని వడ్డించండి, మాట్లాడండి, కావాలంటే ఒక గ్లాసు పల్చటి మజ్జిగ. 'ఆయన తినకముందు నేనెట్లా' అని మా అమ్మ కూడా అనేది. మంచం తల వైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తు చేయండి. రెండు దిండ్లు పెట్టుకుంటే నడుము దగ్గర ఒళ్ళు ముడుచుకుపోయి కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు. ఇక కారం సంగతి. ఎర్రకారం దోశ మానేయమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు. మీకు ఏది పడదో మీ గొంతే చెబుతుంది. కొందరికి కారం, కొందరికి కాఫీ, కొందరికి మిరపకాయ బజ్జీలోని నూనె. అది పొద్దున పూట తినండి, రాత్రికి వద్దు. ఒళ్ళు కాస్త ఎక్కువుంటే నాలుగైదు కిలోలు తగ్గినా మోకాళ్ళకూ, మంటకూ, షుగరుకూ ఒకే దెబ్బకు మేలు.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ పాత ఎండోస్కోపీ కాగితం తప్పకుండా పట్టుకెళ్ళండి. అందులో హెచ్ పైలోరీ (కడుపులో పుండ్లు తెచ్చే క్రిమి) పరీక్ష, అంటే ఆర్‌యూటీ, నెగటివ్ అని రాసి ఉంటే అప్పుడు మీరు మాత్ర మానకుండానే వెళ్ళారని చెప్పండి. ఈ మాత్ర కనీసం రెండు వారాలు ఆపకుండా చేస్తే ఆ పరీక్ష ఉన్న క్రిమిని కూడా లేదని చూపిస్తుంది.

మింగేటప్పుడు అన్నం అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం కక్కుకోవడం, తారులాంటి నల్లటి విరేచనం, రక్తం తగ్గిందని రిపోర్టు రావడం, వీటిలో ఏది కనబడినా ఈ తగ్గింపు లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఐరన్ మాత్రలు వాడుతుంటే విరేచనం నల్లగా రావడం మామూలే, ఆ సంగతి మాత్రం చెప్పండి. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే అది 'గ్యాస్' అని సిరప్ తాగి కూర్చోవద్దు. షుగరు ఉన్న ఆడవాళ్ళలో గుండెపోటు కొన్నిసార్లు అజీర్తిలాగే మొదలవుతుంది. 108కు ఫోన్ చేయండి, ఈసీజీ తీయించండి. మిగతా విచారణ తర్వాత.

జీలకర్ర నీళ్ళు తాగండి, ఉబ్బరానికి హాయిగా ఉంటుంది, మందుకు బదులని మాత్రం అనుకోకండి. కలబంద రసం వద్దు. ఆకు తొక్క కింది పసుపు జిగురు కలిస్తే విరేచనాలై పొటాషియం పడిపోతుంది, షుగరు మాత్రలతో కలిసి షుగరు కూడా పడిపోవచ్చు. సోడా ఉప్పు పొడి నీళ్ళలో కలుపుకు తాగే అలవాటు మీకుంటే అది ఎప్పుడైనా ఒకసారికి పరవాలేదు, రోజూ తాగితే ఒంట్లోకి పోయే ఉప్పు ఎక్కువవుతుంది. బి12 రిపోర్టు వచ్చాక అందులో అంకె ఎంతుందో రాయండి, నొప్పి మాత్ర పేరు కూడా.